చేప పిడి గరిటె

ఉదయగిరిలో శీనమ్మ చేసిన గరిటెను కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పేయొచ్చు. పిడి చివర చిన్న చేప ఉంటుంది. దాని పొలుసులు కూడా వేలికి తగులుతాయి. కొయ్యను ఉలితో, ఆకురాయితో లొంగదీసే విద్య ఆమెకు వాళ్ల నాయన నేర్పాడు. మొగుడు పిచ్చయ్య మాత్రం పదిహేనేళ్లు లారీ తోలి ఇంటికి తెచ్చింది ఏమీ లేదు, ఒక్క జబ్బు తప్ప. దాన్ని భద్రంగా తెచ్చి పెళ్లాం ఒళ్లో పెట్టి, తొంభై ఆరులో తన దారి తాను చూసుకున్నాడు.

ఆయన చనిపోయిన ఆరు నెలలకు నెల్లూరులో రక్తపరీక్ష చేస్తే శీనమ్మకూ హెచ్.ఐ.వి. ఉందని తేలింది. పదేళ్ల కూతురు సారాకు లేదు. ఆ మాత్రం కనికరించినందుకు పాస్టరుగారు దేవుడికి స్తోత్రం చేశారు. ఊరు కూడా కనికరం గలదే, ఎవరూ ఆమెను వెలివేయలేదు. ప్రార్థనకు పోయిన ఇంట్లో ఆమె కాఫీ తాగిన గ్లాసును మాత్రం కిటికీ అంచున బోర్లించి అక్కడే ఉంచేశారు.

దానికి ఆమె ఏడవలేదు. ఆమెను తినేసే దిగులు వేరే ఉంది. ఉలి పట్టిన చెయ్యి తెగకుండా ఉండదు. నెత్తురంటిన గరిటె ఏ ఇంటి పిల్లల నోట్లోకి పోతుందోనని, వేలు తెగినప్పుడల్లా చేతిలో ఉన్నదాన్ని పొయ్యిలో పెట్టేసేది. పది చేస్తే మూడు బూడిద. మిగిలిన ఏడు అంగడికి వేస్తే వచ్చేది ఇద్దరి తిండికి చాలదు. పైగా ఆ ఏడైనా మంచివేనా అని అనుమానం. ఎవరిని అడుగుతుంది?

ఆత్మకూరులో గురువారాలు ఈ జబ్బుకు వైద్యం చేసే క్లినిక్కు పెట్టారని విని, పొద్దున్నే బస్సెక్కింది. మొదటిసారి పోతూ ఒట్టి చేతులతో ఎలా అని, ఒక కొత్త సాంబారు గరిటె గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. దాని మీద నాలుగు రోజులు కూర్చుంది. వేలికి ఒక్క గాటు పడనివ్వలేదు.

కొత్త పేషెంటు గనుక కార్డు రాశారు. బరువు తూస్తే ముప్పై ఎనిమిది కిలోలు. కళ్లె పరీక్షకు డబ్బీ ఇచ్చారు. డాక్టరు జెస్సీ జ్వరాలూ విరేచనాలూ అడిగి, నాలుక చూసి, జబ్బును పోగొట్టే మందు తమ దగ్గర లేదనీ, దాని వెంట వచ్చే రోగాలను ఆపడానికి మాత్రం ఉందనీ, రోజూ మాత్ర మింగి నెలనెలా రావాలనీ చెప్పింది. ఎన్నాళ్లు బతుకుతానని శీనమ్మ అడగలేదు.

"డాక్టరమ్మా, నేను గరిటెలు చేస్తా. వేలు తెగతా ఉంటాది. అవి ఎవురెవురి నోట్లోకో పోతాయి గదా. చెయ్యొచ్చునా, మానుకోవాల్నా?" అంది.

"నిక్షేపంగా చెయ్యి శీనమ్మా. ఎండిన నెత్తురులో ఆ క్రిమి బతకదు. గరిటెతో, గ్లాసుతో, కంచంతో అది అంటదు. నువ్వు చేసిన గరిటెతో వడ్డిస్తే నేనైనా తింటాను."

శీనమ్మ గుడ్డ విప్పి గరిటె చేతిలో పెట్టింది. డాక్టరు చేపను వేలితో నిమిరి, ఇక మా ఇంట్లో సాంబారుకు ఇదేనంది. పిచ్చయ్య పోయినప్పుడు రాని ఏడుపు శీనమ్మకు అప్పుడు వచ్చింది.

ఆ నెలంతా ఆమె చెయ్యి ఆగలేదు. వేలు తెగితే గుడ్డ చుట్టుకుని, గరిటెను కడిగి ఎండబెట్టి, మళ్లీ నునుపు పట్టేది. ఒక్కటీ పొయ్యిలోకి పోలేదు. ఏడాదిగా భయపడి మానుకున్నది, తన కంచంలో ముద్ద కలిపి మళ్లీ సారా నోట్లో పెట్టింది.

రెండోసారి పోయిన గురువారం క్లినిక్కు వరండాలో ఆయా రామసుబ్బమ్మ బకెట్లో బ్లీచింగ్ నీళ్లు కలుపుతోంది. కలిపే గరిటె పిడికి చేప ఉంది. పొలుసులు తెల్లగా పాలిపోయాయి. ఇదెక్కడిదని శీనమ్మ అడిగితే, పాపం ఆయా ఏమీ దాచలేదు.

"పోయిన నెల ఎవురో పేషెంటు ఇచ్చిందంట. ఇంటికెట్ట తీస్కపోయేదని డాక్టరమ్మ ఆ పొద్దే నాకిచ్చేసింది. గట్టిదిలే, బాగుండాది."

లోపల మాత్రలు తీసుకున్నాక శీనమ్మ ఒక్క మాటే అడిగింది.

"గరిటెతో అంటదని చెప్పినారే, నిజమేనా డాక్టరమ్మా?"

"నూటికి నూరు పాళ్లు నిజం," అంది డాక్టరు, కార్డు మీద తేదీ వేస్తూ.

అబద్ధమైతే ఎంత బాగుండేది! తిట్టి, కార్డు మొహాన కొట్టి వచ్చేసేది. నిజమే చెప్పింది మహాతల్లి. చెప్పిన మనిషే నమ్మని నిజాన్ని శీనమ్మ ఎవరికి చెప్పి నమ్మించాలి? కోపాన్ని దిగమింగుకుంది. ఈ మాత్రలు ఇంకెక్కడా దొరకవు. వచ్చే నెలా ఈ గుమ్మమే తొక్కాలి.

మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరి, అరుగు మీద కూర్చుని, సగంలో వదిలిన గరిటెను పూర్తిచేసింది. చేప బాగా కుదిరింది. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. ఎక్కడా గాటు లేదు, నెత్తురు చుక్క లేదు. అయినా లేచిపోయి దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే సారాకు అన్నానికి ఎసరు పెట్టింది.