బాబాయి గారి చేలో బనీను

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, పుస్తకాల్లో ఉన్నదంతా నాకు అర్థమైందని. రెండోది, నాకు అర్థమైంది కాబట్టి నేను చెబితే ఎదుటివాళ్ళకీ అర్థమైపోతుందని. మొదటిదాని సంగతి ఇప్పటికీ తేలలేదు గానీ, రెండోది మాత్రం కొల్లేటి అంచున ఒక మినప చేలో, ఒక బనీనుతో సహా మట్టిలో కలిసిపోయింది.

వ్యవసాయ డిగ్రీ చేతికి వచ్చిన వేడిలో ఏలూరులో ఒక మట్టి పరిశోధన ప్రాజెక్టులో చేరాను. మనిషి నేలను వాడుకునే తీరునుబట్టి అందులోని పురుగూ పుట్రా, కంటికి కనబడని జీవాలూ ఎలా మారతాయో చూడడం మా పని. అందుకో సులువైన పద్ధతి ఉంది. అచ్చమైన నూలు బట్టను జానెడు లోతున పాతిపెట్టి రెండు నెలలయ్యాక తవ్వి చూడడమే. నేలలో ప్రాణం ఉంటే బట్టను తినేస్తుంది, లేకపోతే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఆ బట్ట కోసం తాడేపల్లిగూడెంలో ఒక కొట్టుకి వెళ్ళి మగవాళ్ళ బనీన్లు నాలుగు ఇమ్మన్నాను. ఏ సైజండీ అని అడిగాడు కొట్టాయన. ఏదైనా ఫర్వాలేదండీ, పాతిపెట్టడానికే అన్నాను. (నిజం చెప్పడంలో నాకప్పుడు సమయం సందర్భం ఉండేవి కావు.) ఆయన ఎనభై అయిదు సైజువి నాలుగు పొట్లం కట్టి ఇచ్చి, నేను మెట్లు దిగేదాకా లేచి నిలబడే ఉన్నాడు.

ఒకటి పెదవేగిలో పామాయిల్ తోటలో మట్టలు కుప్పేసిన చోట పాతాను. ఇంకోటి అదే తోటలో, చెట్టు మొదట్లో కలుపు మందు కొట్టి నున్నగా ఉంచిన పాదులో. మూడోది చేపల చెరువు గట్టున. నాలుగోది వానపాముల బాబాయి గారి చేలో. ఆయన నాకు చుట్టమేమీ కాదు. పదేళ్ళు చెరువుగా లీజుకిచ్చిన పొలాన్ని వెనక్కి తీసుకుని, గట్లు కొట్టించి, మళ్ళీ చేను చేశారు. మూడేళ్ళుగా పశువుల ఎరువు తోలారు, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ వేసి దున్నారు, పెదవేగిలో అత్తారి తోట నుంచి బకెట్టుతో వానపాముల్ని తెచ్చి వదిలారు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకుని ఆ పేరు పెట్టారు. నేనూ అలాగే పిలిచేదాన్ని, ఆయనేమీ అనుకునేవారు కాదు.

ఆ చేలోకి పొద్దున్నే వెళ్ళడమంటే నాకెంత ఇష్టమో. మంచులో గట్టు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. గూడబాతులు చప్పుడు లేకుండా తలమీదుగా వెళ్ళేవి. తడి మట్టి వాసన చున్నీకి పట్టుకుని ఏలూరుదాకా వచ్చేది. నేను ఎందుకు వచ్చానో మరిచిపోయి అలా నిలబడిపోయేదాన్ని. జనవరిలో అలాంటి ఒక పొద్దున బనీను పాతి, ఇది సూక్ష్మజీవుల క్రియాశీలతకు సూచిక అని గంభీరంగా ఉపన్యసించి, దయచేసి జాగ్రత్తగా చూసుకోండని అప్పజెప్పాను. ఆయన మర్యాదగా తలూపారు.

"చేలో ప్రాణం ఉందని మీరంటే సాగు చేసుకుంటానండీ," అన్నారు. "లేదంటే ఈ వేసవిలో చెరువుకి ఇచ్చేస్తాను. మా తమ్ముడు రోజూ అడుగుతున్నాడు."

మార్చిలో తవ్వకాలు మొదలుపెట్టాను. మట్టల కుప్ప కింద బనీను పోయి కుట్లు మాత్రమే మిగిలాయి. కలుపు మందు పాదులోది మరక కూడా అంతగా పడకుండా ఉంది. చెరువు గట్టుది కంపు కొడుతూ చెక్కు చెదరకుండా బయటపడింది. చివరికి బాబాయి గారి చేలో తవ్వితే తెల్లగా మెరిసిపోతూ వచ్చింది. ఆయన ముఖంలోకి చూడలేక బనీనుకేసి చూస్తూ, ప్రాణం లేదండీ అనేశాను. ఆయన చేనుకేసి కాసేపు చూశారు. చదువుకున్నవారు మీరు చూశారు కదండీ, సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేస్తాను అని నెమ్మదిగా అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఆ బనీను ఉతుకుతుంటే మెడ దగ్గర అంకె కనబడింది. తొంభై అయిదు. మళ్ళీ చూశాను. నేను పాతింది ఎనభై అయిదు. (ఆ క్షణంలో నా డిగ్రీకి తట్టిన ఆలోచనేమిటో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.) కాఫీ తెచ్చిన పిన్ని గారితో, ఇది మట్టిలో పెరిగిందండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. భర్తవైపు తిరిగారు.

"ఏవండీ, చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

బాబాయి గారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, తల దించుకునే చెప్పారు. "పది రోజుల కిందట ఆగలేక తవ్వి చూశానండీ. మొత్తం చీకిపోయింది. జాగ్రత్తగా చూడమని అప్పజెప్పారు కదా, తడి ఎక్కువ పెట్టి నేనే పాడు చేశాననుకున్నాను. కొత్త ఉద్యోగం, మీరు పైవాళ్ళతో మాట పడతారని..." మిగతాది పిన్ని గారు అందుకున్నారు. క్రిస్మస్‌కి ఆయనకి కొన్న జతలో ఒకటి పెట్టెలోంచి తీసి పాతారట. నా అసలు బనీను తాలూకు కుట్లు పారేయడానికి మనసొప్పక ఆవిడ కవర్లో దాచారు. తెచ్చి నా చేతిలో పెట్టారు. నాలుగు దారప్పోగులు, కాస్త నల్లమట్టి, అంతే.

అప్పుడు జీవితంలో మొదటిసారి పుస్తకం లేకుండా మాట్లాడాను. "తినేస్తేనే మంచిదండీ బాబాయి గారూ. మీ చేను తినేసింది."

ఆయన ఆ పోగుల్ని అరచేతిలోకి తీసుకుని, కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీశారు. "ఒరే తమ్ముడూ, ఇవ్వనురా. మన చేను బనీను తినేసింది," అన్నారు. అవతలి ఆయనకు ఏం అర్థమైందో నాకు తెలియదు. నేను ఆ తొంభై అయిదు సైజుని తీసుకెళ్ళి అదే గోతిలో మళ్ళీ పాతాను, ఈసారి ముట్టుకోవద్దని బతిమాలి. మే నెలలో అదీ పోగులే అయింది.

ఏళ్ళు గడిచాయి. తెల్ల బనీను చేత పట్టుకుని మంచి నేలకు చావు కబురు చెప్పిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఇప్పుడు ఏ చేలో గొయ్యి తీసినా ముందు రైతుకు ఒక్కటే చెబుతాను, తినేస్తే మంచిదండీ అని. అంత చిన్న మాట నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్ళ డిగ్రీ చాలలేదు. ఒకరి క్రిస్మస్ బనీను కూడా కావలసి వచ్చింది.