అటక మీద దాచిన లాప్‌టాప్

కోసి అనే అమ్మాయి లాప్‌టాప్ బ్యాటరీ అమ్ముకుందని నలుగురిలో అన్నారు. అన్నవాడు వినోద్, బీజాపూర్‌లో, అడవి పల్లెల పిల్లలకు చదువు చెప్పించే ఒక స్వచ్ఛంద సంస్థకు సూపర్‌వైజరు. వానలు వెళ్లాక జరిగిన మీటింగులో, ఊరూరి నుంచి వచ్చిన ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉండగా, కోసి తెచ్చిన మిషన్‌ను పైకెత్తి చూపించాడు. దాని అడుగు ఉబ్బింది. మూత పడటం లేదు. బటన్ నొక్కితే వెలగలేదు.

"అసలు బ్యాటరీ బజార్లో అమ్మేసి, పనికిమాలినదేదో ఇందులో దూర్చింది. చూడండి ఎలా ఉబ్బిందో," అన్నాడు హిందీలో, వెనక వరసకు కూడా వినిపించేలా.

"లేదు సార్," అంది కోసి. అది ఎందుకు ఉబ్బిందో ఆమెకూ తెలియదు మరి. కారణం చెప్పలేని మనిషి "లేదు" అంటే ఆఫీసుల్లో ఎవడూ లెక్క చేయడు. మిషన్ అక్కడే ఉంచేసుకున్నారు. పనిలోంచి తీసేశారు.

కోసిది తర్రెం దగ్గరి పల్లె. దోర్ల అనే గిరిజన తెగ పిల్ల. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది. ఊళ్లో పిల్లలను పోగుచేసి లాప్‌టాప్‌లో బొమ్మల పాఠాలు చూపించి, హిందీలో ఉన్నదాన్ని వాళ్ల భాష దోర్లిలో చెప్పడం ఆమె పని. మిషన్ ఇచ్చిన రోజు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు గానీ దాన్ని ఎలా చూసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

వానాకాలం వాగులు పొంగితే ఆ పని ఆగిపోతుంది. ఇంటి మీది సోలార్ పలక కూడా మబ్బుల్లో ఏమీ ఇవ్వదు. అందుకని చివరి ఎండల్లోనే కోసి లాప్‌టాప్‌ను పూర్తిగా నింపింది, ఇక పట్టదనేదాకా. ఆపైన దాచడం. వానల్లో చెడకుండా ఉండాల్సిన వస్తువుకు వాళ్ల ఇంట్లో ఒకే చోటు ఉంది. పొయ్యి మీద వెదురు అటక. చిక్కుడు గింజలూ, జొన్న విత్తనమూ అడ్డాకుల్లో మూటగట్టి అక్కడే పెడతారు. కింద నుంచి పొగా, వేడీ తగులుతుంటే చెమ్మ చేరదు, పురుగు పట్టదు. విత్తనాల పండుగ దాకా ఆ మూటలను ఎవరూ ముట్టరు. తల్లి లక్కే తన చేత్తోనే జొన్న మూట పక్కకు జరిపి లాప్‌టాప్‌కు చోటిచ్చింది. ఆ ఇంట్లో అంతకు మించిన మర్యాద లేదు.

పని పోయాక లక్కే కూతుర్ని అడిగింది, "మంచిగనే దాసినం గదా, అది ఎందుకు సచ్చింది?"

"అదే తెల్వట్లేదమ్మా," అంది కోసి.

పని పోయిన బాధ కొన్నాళ్లకు పాతబడింది. ఈ ప్రశ్న మాత్రం పాతబడలేదు. సంతలో ఎదురైనవాళ్లు "బ్యాటరీ ఎంతకు పోయిందే?" అని నవ్వితే, తిట్టాలనిపించేది కాదు ఆమెకు. నిజంగా ఏం జరిగిందో తెలిస్తే చాలుననిపించేది. తెలిస్తేనే తన పేరు తనకు తిరిగొస్తుంది.

చలికాలంలో వదినకు కాన్పు దగ్గరపడితే సాయానికి బచేలి వెళ్లింది. అన్న కేసా అక్కడ గని కాంట్రాక్టులో కూలీ. ఒక రోజు బజారులో నడుస్తుంటే ఒక రిపేరు దుకాణం ముందు ఇసుక పోసిన నూనె డబ్బా కనిపించింది. అందులో నల్లటి పలకలు, దిండ్లలా ఉబ్బినవి. కోసి అక్కడే చతికిలబడి చూడటం మొదలుపెట్టింది.

"ముట్టకమ్మా," అని లోపల నుంచి కేక. దుకాణం చినబాబుది. వాళ్ల తాత విజయనగరం వైపు నుంచి రైలు లైను పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. "అయి పొంగిపోయిన బ్యాటరీలు. పొడిసావంటే మంటొచ్చేస్తాది."

"ఇవి దొంగ బ్యాటరీలా అన్నా? ఎవరన్న మార్చి పెట్టినవా?"

"మార్చడమేటి? అన్నీ కంపినీ సరుకే. గని క్వార్టర్లలో పెద్దపెద్దోళ్లయి. తీసి కొత్తయి ఏసినాను."

కోసి లేచి నిలబడింది. అసలువి కూడా ఉబ్బుతాయి. వినోద్ అన్న మాట తప్పని తేలడానికి ఇది చాలు. ఇంకొకరైతే ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. ఆమె దుకాణం బల్ల దగ్గరికి జరిగింది.

"మరి ఎందుకు ఉబ్బినయి?"

"కడుపు నిండా తిని ఎండలో పడుకుంటే నీకెలాగుంటాది? దానికీ అంతే. క్వార్టర్లో కరెంటు పోదు కదా, రేత్రీ పగలూ తీగ తగిలించే ఉంచుతారు. నిండిందాన్ని ఇంకా నింపుతానే ఉంటారు. పైగా పరుపు మీదెట్టుకుని పని. వేడి."

"మా ఊళ్లో కరెంటే లేదన్నా. మాది తీగకు తగిలించలే. నింపి దాసినం, అంతే."

"నిండుగా?"

"నిండుగా."

"ఎక్కడెట్టావు?"

"అటక మీద."

"ఏ అటక?"

"పొయ్యి మీదిది. విత్తనాలు పెడతం గదా, ఆడ."

చినబాబు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "ఏటి సెల్లీ, మొలకెత్తుద్దనుకున్నావా?"

కోసికి నవ్వు రాలేదు. ఆ అటక కిందే తల్లి పడుకునేది. పొగ తగిలితే చెడదనుకున్న వస్తువు, అదే వేడికి తల్లి నెత్తి మీద ఉబ్బుతూ ఉంది వానాకాలమంతా. ఆ మిషన్‌ను చంపింది తనే. అంత ప్రేమగా దాచి చంపింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చినబాబుకు మొదట విసుగు పుట్టింది, తర్వాత ఆమె రాకపోతే ఏదోలా ఉండేది. నింపి పెట్టకూడదంటే ఖాళీ చేసి పెట్టాలా? అదీ కాదట, ఒట్టి కడుపుతో నెలలు పడుంటే అసలు లేవకుండా పోతుందట. మరి ఎంత? సగం. సగానికి కాస్త అటూఇటూ. చల్లటి చోట పెట్టి, మధ్యమధ్య తీసి చూసి, తగ్గితే మళ్లీ సగానికి తేవాలి. రోజూ వాడేటప్పుడు కూడా పూర్తిగా అడుగంటనీయకూడదు, నిండాక తీగ పీకేయాలి.

ఈ సగం దగ్గరే కోసి బుర్ర ఆగిపోయింది. వాళ్ల ఇంట్లో సగమే ఉంటే మంచిదనిపించుకున్న వస్తువు ఒక్కటీ లేదు. గాదె సగం ఉందంటే ఆకలి నెలలు ముందున్నాయని. ఎండ కాసినప్పుడు పలక ఇచ్చిందే కరెంటయిన ఊళ్లో, దొరికినప్పుడు దొరికినంత నింపుకోకపోతే తెలివితక్కువదంటారు. అలా నింపుకున్న తమదీ ఉబ్బింది, ఎన్నడూ కరెంటు పోని క్వార్టర్ల వాళ్లదీ ఉబ్బింది. తేడా అల్లా, వాళ్లను ఎవరూ దొంగలనలేదు. కొత్తది వేయించుకుని వెళ్లిపోయారు.

"నిజమో కాదో చూడాలె అన్నా. రెండు పాత బ్యాటరీలియ్యి. ఒకటి నింపి మా అన్నోళ్ల పొయ్యి మీద పెడత, ఇంకోటి సగం జేసి నీళ్ల కుండల పక్కన."

"పురుడొచ్చే ఇల్లు తగలెడతావేటి? నానివ్వను, పో."

వదినకు ఆడపిల్ల పుట్టింది. కోసి తిరుగు ప్రయాణంలో బీజాపూర్‌లో దిగి నేరుగా వినోద్ దగ్గరికి వెళ్లింది. బచేలిలో విన్నదంతా చెప్పింది. అటక సంగతి దాచలేదు.

"అంటే పాడు చేసింది నువ్వేగా," అన్నాడు వినోద్.

"పాడు చేసింది నేనే సార్. అమ్మింది నేను కాదు."

"రెండూ ఒకటే. మిషన్ పోయింది."

"ఒకటి కాదు సార్."

అతను కాగితాలు సర్దుకున్నాడు. కోసి కదల్లేదు. "పక్కూళ్లో పాఠాలు చెప్పే పూనం తన మిషన్‌ను గాదెలో దాస్తది, నింపి. పోయిన నెల సంతలో నాకు చెప్పింది. మిగతావాళ్లు ఎక్కడ దాస్తున్నరో మీరు అడిగిండ్రా?"

అడగలేదు. అడగాలని కూడా అతనికి తట్టలేదు. వచ్చే మీటింగులో ఆ విషయం నువ్వే చెప్పు అన్నాడు. కోసి ఒప్పుకుంది, ఒక షరతు మీద. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి.

తీసుకున్నాడు. టీ పంచుతున్నప్పుడు, ఫోను చూసుకుంటూ, "ఆ కోసి బ్యాటరీ గురించి ఏదో పొరపాటు జరిగింది, సరే" అన్నాడు. గ్లాసుల చప్పుడులో ముందు కూర్చున్నవాళ్లకు వినపడిందో లేదో.

తర్వాత కోసి దోర్లిలో మాట్లాడింది. పొయ్యి, అటక, విత్తనాలు, చినబాబు నవ్వు, అన్నీ చెప్పింది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఎవరెక్కడ దాచారో బయటపెట్టారు. ఒకామె ఎండిన ఇప్పపూల గంపలో పెట్టిందట, చీమలు కూడా చేరాయట. పూనం మాత్రం నవ్వలేదు. "సగం పెడితే అవసరానికి చాలకపోతే?" అంది.

"చాలదు. ఆ రోజు పాఠం ఆపేస్తం. మిషన్ అయితే ఉంటది గదా," అంది కోసి.

ఆ ఏడు వానలకు ముందు ఆమే ఊరూరా తిరిగి లాప్‌టాప్‌లను సగానికి దించి, పొయ్యికి దూరంగా, చల్లటి మట్టిగోడ పక్కన ఎత్తు మీద పెట్టించింది. పూనం మిషన్ అడుగు అప్పటికే కాస్త ఎత్తుగా తగిలింది చేతికి. దాన్ని బీజాపూర్ పంపించేశారు. పూనంను ఎవరూ ఏమీ అనలేదు.

వినోద్‌కు బదిలీ అయింది. వెళ్లే రోజు బీజాపూర్ బస్టాండులో కోసి కనిపిస్తే పిలిచాడు. "నిన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, కొత్త మిషన్ మంజూరైంది. నేనే రాశాను. ఆఫీసుకెళ్లి తీసుకో," అన్నాడు. ఆమె థ్యాంక్స్ చెబుతుందనుకున్నాడు. చెప్పలేదు. "ఇంకా కోపంగా ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్," అంది కోసి. "మిషన్ తీసుకుంట. బ్యాటరీ ఎందుకు పోయిందో నాకు తెలిసింది. ఆ రోజు దాన్ని చూడంగనే మీకు దొంగతనమని ఎట్ల తోచిందో, అదొక్కటే ఇంకా తెల్వలేదు. కోపంతోని అడగట్లేదు సార్. తెలుసుకుందామని అడుగుతున్న."