దొడ్డబళ్ళాపురం తోటలో పచ్చడికి కొత్తిమీర ఎక్కడ కోశారంటే

మా చెల్లెలు సుధకు కామెర్లు తగ్గి ఇంకా నెల కాలేదు. పచ్చిగా ఏం పెట్టినా శుభ్రమైనదే పెట్టమని డాక్టరు మరీ మరీ చెప్పారు. దొడ్డబళ్ళాపురం దగ్గరి ఒక పెద్ద తోట నుంచి మాకు వారం వారం పుదీనా, కొత్తిమీర, తులసి వస్తాయి. మందు కొట్టని ఆకులని సంచి మీద రాసి ఉంటుంది. రోజూ పొద్దున్నే వాటి రసం తీసి తనకిచ్చేది నేనే. కానీ ఇన్ని వారాల్లో ఒక్క ఆకుకైనా చిల్లు కనబడలేదు. అందరూ మెచ్చుకునే ఆ నిగనిగే నాకు గుబులు పుట్టించింది. శనివారాలు తోట చూడనిస్తారని తెలిసి బయలుదేరాను.

బెంగళూరు కె.ఆర్.పురంలో ఏడింటికి బస్సెక్కి, హెబ్బాళలో మారి, దొడ్డబళ్ళాపురం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కణ్ణుంచి ఆటోకు రెండు వందలు. డ్రైవరు మన తెలుగాయనే.

“ఆకులు చూసేదానికి ఇంత దూరమా అక్కా? మీ తట్టు మార్కెట్లో దొరకవా?”

“ఇక్కడ మందు కొట్టరటగా?”

అద్దంలో నన్ను చూసి నవ్వాడు. “బోర్డు మీద రాసుండాది కదక్కా, మళ్ళా నన్నడిగితే ఎట్ల?”

ఆ నవ్వుకు అర్థమేమిటా అని గేటు దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ తోట వేసిన రఘు గారు మడి మడీ తిప్పి చూపించారు. భోజనంతో కలిపి టికెట్టు నాలుగు వందలు. నిమ్మగడ్డి, వాము ఆకు, పుదీనా అన్నీ దువ్వినట్టు వరసల్లో ఉన్నాయి. “వేపనూనె తప్ప ఇంకేమీ వాడం మేడమ్,” అన్నారాయన. నేను ఆకులు తిరగేసి చూస్తూనే ఉన్నాను. పూతకొచ్చిన తులసి మీద ఒక్క తేనెటీగ లేదు. పక్కనే ఒక షెడ్డుకు తాళం వేసి ఉంది.

“అందులో ఏముందండీ?”

“పారలు, పైపులు. మీరు టూర్‌కొచ్చారా మేడమ్, ఆడిటింగ్‌కొచ్చారా?” అని నవ్వారు. తాళం మాత్రం తీయలేదు.

భోజనానికి ముందు వంటింటి మెట్ల మీద కూర్చున్నాను. వంట చేసే రత్నమ్మ పచ్చడికి కొత్తిమీర చాలక బుట్ట పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మం ముందే కొత్తిమీర మోకాలెత్తున్నా, దాన్ని దాటుకుని వంటింటి వెనక్కి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అక్కడ చిన్న మడి, పురుగు కొట్టిన ఆకులు.

“ముందర అంత పెట్టుకుని ఇక్కడికొచ్చావేం రత్నమ్మా?”

“అది సిటీకి పోయేదక్కా. ఇది మేము తినేది,” అంది, చెయ్యి ఆపకుండా.

వెనకే వచ్చిన రఘు గారు గబగబా అందుకున్నారు. “ఆ మడికి ఆర్డరుంది మేడమ్, అందుకే ముట్టరు.” రత్నమ్మ తల వంచుకుని కోస్తూనే ఉంది.

రాగి ముద్దలోకి ఆ పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాను. మూడింటి బస్సెక్కాక సుధకు ఫోన్ చేసి, రేపటి నుంచి రసం వద్దన్నాను. “నా కామెర్లు పోయి నీకు అనుమానం పట్టుకుందే అక్కా,” అంది. కావచ్చు. ఆర్డరు మాట నిజమే అయ్యుండవచ్చు, తేనెటీగలు ఆ పూట రాకపోయి ఉండవచ్చు. రుజువంటూ నా దగ్గర ఏమీ లేదు. అయినా రోజూ గ్లాసు పట్టుకుని తన ముందు నిలబడాల్సింది నేను.

మీరు వెళితే పన్నెండున్నరకల్లా వంటింటి దగ్గర కూర్చోండి. తోట వాళ్ళే చూపిస్తారు. పచ్చడికి కొత్తిమీర ఏ మడిలో కోస్తారో మాత్రం మీరే చూసుకోవాలి.