సిన్ని చెవికమ్మలు

మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే ఇరుగుపొరుగు వేపాకు వెతికేవాళ్ళు. నేను మాత్రం ఆ మనిషికి రక్తం తక్కువేమో, రాత్రి అన్నం తిన్నదో లేదో అడిగేదాన్ని. బి.కొత్తకోటలో పెరిగాను. మదనపల్లెలో బాటనీ ప్రధానంగా డిగ్రీ చదివాను. దయ్యాలు, చేతబడులు ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. కానీ నా కూతురి చెవుల సంగతి మాత్రం నా చదువుకు అందడం లేదు. మా ఆయన నైట్ షిఫ్టుకు వెళ్ళారు, పాప నిద్రపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేఘనకు మూడేళ్ళు నిండినప్పుడు నాకు కుప్పంలో బి.ఇడి. సీటు వచ్చింది. మా ఆయనకు మదనపల్లెలో పాల డెయిరీలో పని, షిఫ్టులు మారుతుంటాయి. పాపను పుంగనూరులో ఉన్న మా ఆయన అక్క, సుగుణ వదినె దగ్గర వదిలాం. ఆమెకు పిల్లలు లేరు. శనివారం కాలేజీ అయ్యాక నేను పలమనేరులో బస్సు మారి పుంగనూరు చేరేదాన్ని. ఆదివారం సాయంత్రం మళ్ళీ కుప్పం బయలుదేరేదాన్ని.

మొదట్లో నేను బస్సెక్కుతుంటే పాప గుక్కపట్టి ఏడ్చేది. అది చూసి దారి పొడుగునా నేనూ ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఏడవడం మానేసింది. నాకు అదింకా కష్టమైంది. వదినె చంకలో కూర్చుని చెయ్యి ఊపేది. బస్సు కదలకముందే అటు తిరిగి వదినెతో కబుర్లలో పడిపోయేది.

చదువు అయ్యాక మదనపల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుని పాపను తెచ్చుకున్నాం. తెచ్చుకున్నామన్న మాటే గానీ, దాని మనసంతా పుంగనూరులోనే ఉండిపోయింది. చూడు అనదు, సూడు అంటుంది. అన్నం కలిపితే అత్త కలిపినట్టు లేదంటుంది. జడ వేస్తే అత్త వేసినట్టు లేదని విప్పేస్తుంది. పడుకునేటప్పుడు మాత్రం ఒకటే పేచీ, సిన్ని కథ కావాలని.

సిన్ని అంటే సెనక్కాయల సిన్ని. వదినె సొంతంగా కల్పించిన పిల్ల. వేరుశనగకాయ వొలిస్తే లోపల గింజ ఉండాల్సిన చోట ముడుచుకుని పడుకుని ఉంటుందట. ఆ గింజ మీది పొర రంగు పావడా, ఒంటి జడ, చెవులకు ఎర్ర కమ్మలు. అమ్మా నాన్నా లేరు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళివస్తుంది.

నేనూ ఒకరోజు ప్రయత్నించాను. రెండు వాక్యాలు చెప్పానో లేదో పాప నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు సెప్పే సిన్ని, సిన్ని కాదు. సిన్ని అట్ల మాట్లాడదు."

"మరెట్లా మాట్లాడుతుంది?"

"అత్త మాదిరి."

ఇంకో సంగతి కూడా పాపే చెప్పింది. ప్రతి ఆదివారం సిన్ని నా బ్యాగులో దాక్కుని కుప్పం వచ్చేదట. నేను హాస్టల్లో ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో చూసి, తిరిగొచ్చి పాపకు చెప్పేదట. "నువ్వు సదువుకుంటా నిద్రపోతే సిన్ని దుప్పటి కప్పిందంట" అంది. ఇంకొకరైతే వదినెకు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళేమో. నాకు ఒళ్ళు మండింది. నా బిడ్డకు నా సంగతులు చేరవేయడానికి మధ్యలో ఒక సెనక్కాయల పిల్ల, ఆ పిల్ల వెనక మా వదినె.

అప్పుడే అనుకున్నాను, సిన్నిని నా చేత్తో తయారుచేసి పాపకు ఇవ్వాలని. కథ వదినెదైనా, బొమ్మ నాదవుతుంది కదా.

మా ఇంటి ఓనరు రూతమ్మ గారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆమె కూతురు చిన్నప్పుడు ఆడుకున్న పాత బొమ్మ ఒకటి ట్రంకుపెట్టెలో ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఎప్పుడో విదేశాల నుంచి పార్సిల్‌లో వచ్చిన బొమ్మ. మెత్తటి ప్లాస్టిక్ తల, పడుకోబెడితే మూసుకునే నీలం కళ్ళు. పసుపుపచ్చ జుట్టు అట్టకట్టుకుపోయింది. బుగ్గల మీద బాల్‌పెన్ గీతలు.

పాప అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు పని చేసేదాన్ని. వేడినీళ్ళలో ఉంచితే మెడ మెత్తబడి తల ఊడివచ్చింది. పాత జుట్టంతా లోపలి నుంచి లాగేశాను. బాల్‌పెన్ గీతలు కిరసనాయిలుకూ పోలేదు, కొబ్బరినూనెకూ పోలేదు. చివరికి మొటిమలకు రాసే క్రీము పూసి ఎండలో పెడితే రోజురోజుకూ వెలిసి మాయమయ్యాయి. నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసేవాళ్ళను అడిగి పట్టుదారం వేస్టు తెచ్చి, నల్లరంగు వేసి, తల మీది చిల్లుల్లోంచి కుచ్చు కుచ్చుగా సూదితో కుట్టాను. కాలేజీ రోజుల్లో చీరల మీద వేసిన ఫ్యాబ్రిక్ పెయింట్లు ఉన్నాయి. గోధుమరంగు పలచగా కలిపి స్పాంజితో ముఖానికి, చేతులకు అద్దాను. నీలం కళ్ళను సన్నటి బ్రష్షుతో నల్లగా మార్చాను. పావడా రంగు కోసం గింజ పొర చేతిలో పెట్టుకుని అంగళ్ళన్నీ తిరిగాను.

ఆ మధ్యలోనే పాపకు చెవిపోటు వచ్చింది. రూతమ్మ గారు టార్చి వేసి చూసి, మందు చుక్కలు వేశారు. వేశాక రెండు చెవుల తమ్మెలూ పట్టుకుని సరదాగా లాగారు. "ఇంత బాగుండే చెవులు బోసిగా యాల పెట్టినారమ్మా?" అన్నారు.

చెప్పాను. మూడో ఏట కుట్టించాలనుకున్నాం. ఆ ఏడే మా నాన్న పోయారు, తర్వాత నా చదువు. ఇప్పుడు ఐదో ఏడు, వచ్చే వారానికి ముహూర్తం పెట్టుకున్నాం. ఆ ముహూర్తం కోసం నేను ఎంత ఎదురుచూశానో ఆమెకు చెప్పలేదు. పాపకు పేరు పెట్టింది వదినె. అక్షరాలు దిద్దించింది వదినె. చెవులు కుట్టేటప్పుడు మాత్రం బిడ్డ కూర్చోవలసింది మేనమామ ఒళ్ళో, అంటే నా తమ్ముడు శీను ఒళ్ళో. ఆ ఒక్కటి మా వైపుది. అందులో వదినెకు వాటా లేదు.

బొమ్మకు ఇక కమ్మలే మిగిలాయి. ఒక మధ్యాహ్నం పాప లోపలి గదిలో నిద్రపోతుంటే వంటింట్లో కూర్చుని, సూది కాల్చి బొమ్మ చెవులు కుట్టాను. కుడిది సరిగ్గా వచ్చింది. ఎడమదానికి బొమ్మ తల చేతిలో జారి, సూది కొంచెం కిందికి దిగింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఎందుకు చేశానో తెలియదు, సూది తీసేసి ఆ చెవి మీద ఊదాను. "అయిపోయింది, అయిపోయింది" అన్నాను కూడా. నాకే నవ్వొచ్చింది. ఎర్రపూసలు తీగకు గుచ్చి రెండు చెవులకూ పెట్టాను.

పాప లేచి వచ్చి చూసింది. "సిన్నీ!" అని ఒక్క అరుపు అరిచి బొమ్మను ఎత్తుకుంది. నా వైపు చూడనైనా లేదు. ఆ రోజంతా దానితో వదినె యాసలో కబుర్లే. రాత్రి మొదటిసారి అత్త కావాలని అడగకుండా పడుకుంది. నా పక్కన కాదు, గోడవైపు తిరిగి, బొమ్మను కరుచుకుని. నేను చేసిన బొమ్మ మీదే నాకు కుళ్ళు పుట్టింది.

ముహూర్తం రోజు పొద్దున్నే వదినె పుంగనూరు నుంచి వచ్చింది. పాపకు తలంటుతానని నూనెగిన్నె తీసుకుంది. ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని నేనే తలంటి పోశాను. చెవుల వెనకా ముందూ రుద్ది, తమ్మెలు తుడిచింది ఈ చేతులే. ఏదైనా ఉంటే నా వేళ్ళకు తగిలేది.

చెవులు కుట్టడానికి వచ్చిన కంసాలి ఆచారి చాప మీద కూర్చున్నాడు. పాప మా శీను ఒళ్ళో. పాప నోట్లో పెట్టడానికి వదినె బెల్లం పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆచారి కుడి తమ్మె పట్టుకుని ఆగిపోయాడు. తర్వాత ఎడమది చూశాడు.

"ఏమ్మా, తమాసా సేస్తాండారా? కుట్టిన చెవులకు మళ్ళా కుట్టమంటారే!"

అందరం నవ్వాం. "అద్దాలు మర్సిపోయి వచ్చినావాప్పా?" అన్నాడు శీను. ఆచారి బంగారు తీగ తీసి కుడి చెవిలో పెట్టాడు. అటు నుంచి ఇటు వచ్చేసింది. రక్తం లేదు. పాప ఉలిక్కిపడనైనా లేదు.

మా అమ్మ వదినె వైపు తిరిగింది. "బిడ్డల్లేని మనిషి, ఆశపడి కుట్టించుకోనుంటాది. సెప్పి సేసుంటే మేము వద్దంటిమా?"

వదినె పళ్ళెంతోనే ఒక అడుగు ముందుకు వేసింది. "ఎవురి మీద పెడ్తాండావమ్మా ఆ మాట?"

నేను ఆగలేకపోయాను. "అన్నీ నీవే అయినాయి కదా వదినె. ఈ ఒక్కటన్నా మాకు మిగలనీయకూడదా?"

రూతమ్మ గారు టార్చి తెచ్చి రెండు చెవులూ చాలాసేపు చూశారు. "పోయిన వారం మందేసినప్పుడు ఇవి లేవు. తమ్మెలు పట్టుకోని నేనే లాగినా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "కానీ ఇవి కొత్తవి కాదమ్మా. మానిపోయి నెలలైనట్టుండాది" అన్నారు.

వదినె పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "బంగారూ, ఎవురు కుట్టినారు నీకు? అత్త కుట్టిందా?"

పాప తల అడ్డంగా ఊపింది.

"మరెవురు?"

పాప వేలు పెట్టి నన్ను చూపించింది. "అమ్మ. మంట పుట్టింది. ఈ పక్క జారింది. అమ్మ ఊదింది. అయిపోయింది, అయిపోయింది అనింది."

శీను పాపను ఒళ్ళోంచి దింపి లేచి నిలబడ్డాడు. వదినె పళ్ళెం కింద పెట్టింది.

"నీ సేత్తో కుట్టి, నన్ను పిలిపించి, పదిమందిలో నా మీదికి తోస్తావా మే?" అంది. అరవలేదు. చెప్పులు వేసుకుని, అన్నం తినకుండానే బస్టాండుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను బొమ్మను పాప పక్కన పెట్టి ఇద్దరి చెవులూ పోల్చి చూశాను. కుడి చెవుల చిల్లులు రెండూ ఒకే చోట. ఎడమ చెవిలో బొమ్మకు ఎంత కిందికి దిగిందో పాపకూ అంతే. డాక్టరమ్మకు చూపిస్తే, కొందరు పిల్లలకు పుట్టుకతోనే చెవి ముందు చిన్న గుంట ఉంటుందనీ, తమ్మెలో ఇటు నుంచి అటు ఇలా చిల్లు ఉండటం తాను చూడలేదనీ చెప్పింది. ఇవి కుట్టినవేనంది. ఆ మధ్యాహ్నం పాప నిద్రలేచి తలుపు సందులోంచి నన్ను చూసి ఉండొచ్చు. ఆ మాటలు అలా వచ్చాయనుకుంటాను. మాటలకు దారి దొరికింది. చిల్లులకు దొరకలేదు.

వదినె మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే మా ఆయనతోనే మాట్లాడేది. నేను కోరుకున్నదే జరిగింది, పాప పూర్తిగా నా దగ్గరే ఉంది. కానీ సిన్ని మాట ఎత్తడం మానేసింది. బొమ్మను పక్కన పడేసింది. సాయంత్రమైతే గేటు పట్టుకుని నిలబడి, పుంగనూరు బస్సు వచ్చే వేళయిందా అని రూతమ్మ గారిని అడిగేది. "అత్త యాల రాదు?" అని ఒకసారి నన్నూ అడిగింది. రెండోసారి అడగలేదు. అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టింది.

వేసవి సెలవుల్లో నేనే పాపను తీసుకుని పుంగనూరు వెళ్ళాను. వదినె వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. పాప పరుగెత్తి ఆమె మీద పడింది. వదినె నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. చాలాసేపు పాప తల నిమిరింది. తర్వాత చెవులు ఒకటొకటిగా పట్టుకుని చూసింది.

"కుడిది బాగా కుట్టినావు" అంది నాతో. "ఎడమది రోంత కిందికి పోయిండాది. సేతగానిదానివి, ఆచారికి ఇయ్యకుండా నువ్వు యాల పూనుకుంటివి?"

అది తిట్టు కాదు, నన్ను లోపలికి రానివ్వడం. నేను కుట్టలేదంటే మళ్ళీ ఆమె పేరే మిగులుతుంది. పాప ఆమె ఒళ్ళో తలపెట్టి నా ముఖంలోకి చూస్తోంది.

"సెయ్యి జారింది వదినె" అన్నాను.

"నీళ్ళు తాగు పో. ఎండలో పడి వచ్చినావు" అంది.

అప్పటి నుంచి మా ఇళ్ళలో ఆ చెవులు కుట్టింది నేనే. నా ఒడి ఖాళీగా పెట్టినావు కదక్కా అని శీను ఇప్పటికీ దెప్పుతాడు. వదినె వస్తోంది, వెళ్తోంది. పాప అన్నం తింటోంది. బొమ్మ అటక మీద ఉంది. దానివల్ల ఆ తర్వాత ఏ వింతా జరగలేదు.

మేఘన ఇప్పుడు రెండో తరగతి. తన చెవులు ఎలా కుట్టారో స్నేహితులకు చెబుతుంటుంది. ఈ మధ్య వింటుంటే కొత్త సంగతులు వస్తున్నాయి. అమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుందట. ఆకుపచ్చ చీర కట్టుకుందట. ఏడుస్తుంటే చీర చెంగుతో ముఖం తుడిచి, నిద్రపోయేదాకా ఒళ్ళోంచి దించలేదట. నాకు అలాంటి చీర లేదు. బొమ్మనైతే నేను ఒళ్ళో పెట్టుకోలేదు, పీట మీద పెట్టి కుట్టాను.

నా బిడ్డ అంత ఏడ్చినప్పుడు అంతసేపు ఒళ్ళో పెట్టుకున్న ఆ అమ్మ ఎవరో ఈనాటికీ నాకు తెలియదు. నువ్వే కదా అంటుంది మేఘన, మెడ చుట్టూ చేతులు వేసి. అది నేనే అయ్యుంటే ఎంత బాగుండేది. వదినె మీద కూడా నాకు ఎప్పుడూ ఇంత అసూయ కలగలేదు.