చేపల మీది ఐసు

రెండేళ్ల క్రితం మే నెలలో, కృష్ణపట్నంలో సముద్రం చూద్దామని గూడూరు నుంచి సైకిల్ మీద బయల్దేరాను. సగం దారిలోనే నా నీళ్లసీసా ఖాళీ అయింది. చెట్టు నీడన గంప దించుకుని కూర్చున్న చేపలమ్మే అక్క తన సీసా చాపింది.

"ఎండ మండిపోతా ఉండాది, రెండు గుక్కలు తాగి పో అబ్బయ్యా."

సీసా నీచువాసన కొట్టింది. "దాహం లేదక్కా" అని తొక్కుకుంటూ పోయాను. కాస్త దూరం వెళ్లానో లేదో, కళ్లు తిరిగి రోడ్డు మీద పడిపోయాను.

తెలివి వచ్చేసరికి ఆమె ఒడిలో ఉన్నాను. గంపలో చేపల మీదున్న ఐసంతా నా మెడ కింద, చంకల్లో పెట్టింది.

"అప్పుడే తాగుంటే ఇంతదాకా వచ్చుండేదా?" అంటూ అదే సీసా నోటికి అందించింది. చివరి చుక్కదాకా తాగాను.

ఇంటికి చేరగానే ఆ వాసన పోయేదాకా సబ్బుతో ఒళ్లు తోముకున్నాను. ఐసు లేక ఆమె చేపలు ఆ ఎండకు ఏమైపోయాయోనన్న ఆలోచన ఆ తరవాత గానీ రాలేదని ఇప్పటికీ సిగ్గేస్తుంది.