దిగులు కుర్చీ

ఎదురుపడిన మనిషిని "తింటివా?" అని అడగడం లోకం తీరు. మా వీధి బియ్యం అంగడి వెంకటరమణయ్య శెట్టి మాత్రం "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతివి?" అంటాడు. పెండ్లికొడుకునడిగినాడు, బస్సులో కండక్టరునడిగినాడు. ఓట్లకొచ్చిన పెద్దమనిషినీ అడిగితే, ఆయప్ప చెప్పాల్సిన మాట మర్చిపోయి "నాలుగు" అనేసి వెళ్లిపోయినాడు.

ఇదంతా రెండువేల ఎనిమిదిలో, కమలాపురంలో భూపేష్ ఇంటర్నెట్ సెంటర్ పెట్టినాక మొదలైంది. శెట్టికి మూడేండ్లుగా నిద్రలేదు. మాత్రలు మింగినాడు, మాడుకు ఆముదం పెట్టినాడు, గసగసాల పాయసం బిందెలతో తాగినాడు. ఆఖరికి కడప డాక్టరమ్మ ఒకామె "కంప్యూటర్లో నిద్ర నేర్పే పాఠాలుండాయి, ఆరు వారాలు" అని చీటీ రాసిచ్చింది. అంతా ఇంగ్లీషు. భూపేష్ చదివి తెలుగులో చెప్తాడు.

నేను అయిదో తరగతితో బడి మానేసినా, తెలుసుకోవడం మాత్రం మానలేదు. కొత్తిమీర కట్ట చేతబట్టుకుని సెంటర్ కిటికీ దగ్గర నిలబడినాను.

"నిద్ర పట్టకుంటే మంచం మీద పొర్లద్దంట, లేసి బయటికి రావల్లంట," అన్నాడు భూపేష్. "మంచం నిద్రకే. ఆడ పేపరు చదవద్దు, దిగులు పడద్దు."

"మరి దిగులు యాడ పడల్ల?"

"సాయంత్రం కుర్చీలో కూర్చోని, కాగితం మీద రాసుకుని పడల్లంట."

ఇంక చూసుకోండి. రోజూ ఆరింటికి అంగడి ముందర కుర్చీ వేసుకుని శెట్టి అరగంట దిగులుపడేవాడు. ఎవురన్నా బియ్యానికొస్తే "దిగులుపడతాండా, నిలబడప్పా!" అనేవాడు. ప్రొద్దుటూరు వియ్యంకుడొచ్చి మంచం మీద కూర్చోబోతే "నిద్రొస్తాందా బావా?" అన్నాడు. "లేదే!" "అయితే లెయ్!" ఆయన కాఫీ తాగకుండానే బస్సెక్కినాడు. తాగుదామన్నా, పాఠం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆ ఇంట్లో కాఫీ లేదు.

ఆరు వారాలకు శెట్టి గురక మా వంటింట్లోకి వినపడింది. పాఠం అయిపోయినట్టే కదా? అయినా ప్రతి శుక్రవారం సెంటర్‌కు పోతాడు. పొద్దున్నే వీధంతా గంటలడిగి నోటుబుక్కులో రాస్తాడు. నేను దర్జాగా "ఎనిమిది" అనేదాన్ని.

ఒకరోజు శెట్టి లోపల బియ్యం కొలుస్తుంటే నోటుబుక్కు కుర్చీ మీదుంది. నా చెయ్యి ఊరుకుంటుందా? తెరిచి నా ఎనిమిది కోసం వెతికినాను. లేదు. రోజుకొక్క అంకె: రెండు, రెండున్నర, మూడు. గురకపెట్టే మనిషి అంకెలు కావవి. ఇడ్లీలమ్మే సుంకులమ్మ రోజూ నవ్వుతూ "రెండు", "రెండున్నర" అనేది, ఎగతాళి అనుకున్నాం. మొగుడు పోయినప్పటినుంచి ఆమె కండ్లు గుంటలుపడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"చూసినావా వదినా?" వెనక శెట్టి. "ఆయమ్మకు పాఠాలు నడస్తాండాయి, శుక్రవారం నేను సెంటర్లో వినొచ్చి చెప్తాండా. నిద్రలేదని తెలిస్తే గాలి సోకిందని వేపమండలతో కొడతారని భయం. ఒక్కదాన్నే అడిగితే ఊరు కనిపెడతాది. అందర్నీ అడిగితే నన్ను పిచ్చోడంటారు, అంతేగా!"

"మరి నా ఎనిమిది యాడ?"

"అబద్ధాలు రాయను వదినా. నీ నోరు జాగ్రత్త, ఆయమ్మకు దెబ్బలు పడతాయి."

ఊర్లో వార్త పుడితే నా నోట స్నానం చేసి పోవల్ల. అట్లాంటిది, ఈ ఒక్కదాన్ని కాపలా కాస్తూ నెలంతా నిద్రపట్టక మంచం మీద పొర్లినాను. ఇప్పుడు సుంకులమ్మే అందరికీ చెప్పుకుంటోంది గాబట్టి రాస్తున్నా.

నెల దాటినాక ఒక పొద్దున ఇడ్లీ బండి దగ్గర శెట్టి అడిగినాడు. "వదినా, ఎన్ని గంటలు?"

"రెండు! నాకే గాలి సోకినట్టుండాది!" అని గట్టిగా అరిచినాను.

"నీకా అక్కా? నిన్ను చూస్తే గాలే పారిపోతాది," అని సుంకులమ్మ పగలబడి నవ్వింది.

"నీకెంతమ్మా?"

"అయిదున్నర అన్నా."

శెట్టి ఆ అంకె రాసి, దాని కింద రెండు గీతలు గీసినాడు.

సాయంత్రం ఆరింటికి అంగడి మీదుగా పోతే, ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుంది.

"కూర్చో వదినా," అన్నాడు శెట్టి, కాగితం చేతికిచ్చి. "అరగంటే. ఎవురితోనూ మాట్లాడకూడదు."