ఇరవై ఆరో నిమిషంలో ఎత్తిన చెయ్యి

2022 ఏప్రిల్. మార్కాపురంలో ఒక విత్తనాల దుకాణం పైన అద్దెకు తీసుకున్న రెండు గదులే నా రికార్డింగ్ స్టూడియో. ఒక గదిలో వాయించేవాళ్లు, ఇంకో గదిలో మిషన్లు, నేను. మధ్యలో గాజు అద్దం. గోడలకు పాత దూదిపరుపులు కొట్టించి, కిటికీలు మూయించి, అప్పటికే పద్నాలుగేళ్లుగా అందులో పనిచేస్తున్నాను. సౌండ్ ఇంజనీర్ అంటే మా ఊళ్లో చాలామందికి మైకుసెట్టు మనిషి. "మీ ఆయన లేడా అమ్మా?" అని అడిగి, లేడంటే మెట్లు దిగిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా ఆయన గిద్దలూరులో బడిపంతులు. ఆయనకు టీవీ రిమోటు కూడా సరిగా రాదు.

నా పని భజన పాటలు, ఎన్నికల పాటలు, ఆటోల్లో తిప్పే ప్రచారాలు, పెళ్లి వీడియోలకు సౌండ్. ఈ చివరి పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. పెళ్లి వీడియో నా దగ్గరికి వచ్చేసరికి అందులో అరుపులు, కుర్చీల చప్పుడు, వంటవాళ్ల కేకలు, మేళం అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని శుభ్రంగా వినపడేట్టు చేయడాన్ని మిక్సింగ్ అంటాం. నిజంగా మేం చేసేదేమిటంటే, ఉన్న సౌండంతా తీసేసి పైన సినిమా పాటలు అతికిస్తాం. తాళి కట్టే దగ్గర మాత్రం గట్టిమేళం ఉండాలి కాబట్టి, ఎప్పుడో ఎవరో ఎక్కడో వాయించిన రెడీమేడ్ గట్టిమేళం ఒకటి నా కంప్యూటర్లో ఉండేది. పదేళ్లకు పైగా ఈ చుట్టుపక్కల తాళులన్నీ ఆ ఒక్క ముక్కతోనే కట్టించాను.

ఒక మంగళవారం పొద్దున కేశవులు మామ మెట్లెక్కి వచ్చాడు. రాచర్ల దగ్గరి పల్లె ఆయనది. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకు, దేవుడి ఊరేగింపులకు సన్నాయి వాయిస్తున్నాడు. వెంట జుట్టు ముడేసుకున్న ముప్పై అయిదేళ్ల మనిషి ఒకతను, భుజానికి పెద్ద నల్లపెట్టె.

"పాపా, నీకాడ నా వాయింపు పాతది ఏదన్నా ఉంటే తీసియ్యి" అన్నాడు మామ.

"ఇప్పుడెందుకు మామా?"

ఆయన నోరు తెరిచి చూపించాడు. మా పడమటి పల్లెల్లో ఇది కొత్త కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగి పళ్లు పసుపు తిరిగి, గోధుమరంగు తిరిగి, పెచ్చులూడిపోతాయి. దానికి తోడు ఆయనకు షుగరు. చిగుళ్లు వాచి, ముందరి పళ్లు నాలుగూ ఊగుతున్నాయి.

"సోమవారం పీకేస్తానన్నాడు డాక్టరు. పండ్లు లేకపోతే పీక నిలవదు పాపా. పెదిమికి వెనకాల ఆనిక ఉండాల. నా సన్నాయి ఇంక ఈ ఆదివారం దాకనే."

సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే చిన్న పీకను పెదవులు పట్టుకోవాలంటే వెనకాల పళ్లుండాలి. అంత చిన్న సంగతి మీద నలభై ఏళ్ల పని నిలబడి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

కంప్యూటర్ ముందు కూర్చుని వెతికినట్టు నటించాను. ఏం వెతకాలి? ఆయన వాయించిన పెళ్లి వీడియోలు నా చేతి మీదుగా ఎన్ని పోయాయో లెక్కలేదు. వాటిలో ఆయన బుగ్గలు ఉబ్బుతూనే ఉంటాయి, వినపడేది మాత్రం ఇంకెవరిదో. అసలు సౌండ్ ఎప్పటికప్పుడు నేనే చెరిపేశాను. ఆ మాట చెప్పాను. సిగ్గుతో కాదు, విసుగ్గా చెప్పాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఎక్కువ లేస్తుంది.

"ఒక్కటి గూడా లేదా?" అన్నాడు మామ. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు ఆ రెండో మనిషి మాట్లాడాడు. పేరు విశాల్, హైదరాబాదు, సాక్సఫోన్ వాయిస్తాడు. గిద్దలూరులో స్నేహితుడి పెళ్లికి వచ్చి, మామ గట్టిమేళాన్ని ఫోన్లో ఒకటిన్నర నిమిషం పట్టుకున్నాడట. అప్పటి నుంచి దాన్నే వింటూ మూడుసార్లు రాచర్ల వచ్చి వెళ్లాడు. ఫ్రీ జాజ్ అని, తమ లాంటి వాళ్లు వాయించేది ఒకటుందనీ, అలాంటి కొత్త రికార్డింగులు విడుదల చేసే చిన్న కంపెనీ ఒకటి విదేశంలో ఉందనీ చెప్పాడు. పళ్లు తీసేలోగా మామతో కలిసి ఒకటి వాయించాలట.

"ఏం పాట?" అన్నాను.

"పాట లేదక్కా."

"రాగం?"

"అదీ అనుకోలేదు. ముందుగా ఏదీ అనుకోం. ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు వాయించుకుంటాం."

నాకు ఒళ్లు మండింది. రెండు వరసలు పాడటానికి ఇరవైసార్లు తప్పు పాడే భజనవాళ్లతో వేగుతున్నదాన్ని, ఇతనొచ్చి పాటే లేదంటాడు. "మామ చివరిసారి వాయించేది మీకు ఆటగా ఉందా?" అన్నాను. విశాల్ ఏదో చెప్పబోతే మామ అందుకున్నాడు.

"మనకేం కొత్త పాపా? గట్టిమేళంలో రాగముందా, తాళముందా? చెడ్డమాట, తుమ్ము చెవిన బడకుండా మోగించాల, అంతే గదా. ఈ అబ్బాయి చెప్పేది అదే. కాకుంటే కప్పిపెట్టేదానికి గాదంట, వినేదానికంట."

శనివారం పొద్దున పదింటికి మొదలుపెట్టాం. నేను నా అలవాటు ప్రకారం ఇద్దరినీ రెండు మూలల్లో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, క్లిక్ పెట్టాను. క్లిక్ అంటే వేగం తప్పకుండా చెవిలో టక్కు టక్కుమని కొట్టే చప్పుడు. రెండు నిమిషాలకే మామ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవురు పాపా ఇది, నా చెవిలో సుత్తెతో కొడుతుండాడు?"

విశాల్ నవ్వాడు. నేను నవ్వలేదు. అన్నీ తీసేసి, ఇద్దరినీ గది మధ్యలో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మామ ముఖం అద్దం వైపు, విశాల్ వీపు నా వైపు. టీ తెప్పించాను. టీ తాగుతూ మామ అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

"నలభై ఏండ్లు చేతుల్ని జూసి వాయించినా నేను. అయ్యగారు చెయ్యెత్తితే మొదలుబెట్టాల, మళ్ల ఎత్తితే ఆపాల. ఫొటోలాయన ఎత్తుతాడు. పెండ్లికొడుకు మేనమామ ఎత్తుతాడు. బంతికి పిలిచేటోడు ఎత్తుతాడు. ఒక రాగం మొదలుబెట్టి నా అంతట నేను ముగించింది యాన్నో గుడికాడ తప్ప లేదు."

"ఈ రోజు ఎవరూ ఎత్తరు. మీకు ఆపాలనిపించినప్పుడే ఆపండి" అన్నాడు విశాల్. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, ఏం జరిగినా మధ్యలో రాకండి. ఒకటే టేక్" అన్నాడు. టేక్ అంటే మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారి వాయించడం. నా పనిలో వేలు పెట్టినట్టనిపించి, విసురుగా నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

మొదట విశాల్ సాక్సఫోన్లోకి ఊరికే గాలి ఊదాడు. స్వరం లేదు, ఊపిరే. మామ కాసేపు దాన్ని విన్నాడు. పెళ్లికూతురిని తీసుకొచ్చేటప్పుడు వాయించే వరస ఒకటి ఎత్తుకుని, సగంలో వదిలేసి, అందులో ఒక్క స్వరాన్ని పట్టుకుని సాగదీశాడు. విశాల్ దాని పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒకడు పోతే ఒకడు వెతుక్కుంటూ వస్తున్నాడు, సాయంత్రం మందలో గొర్రెపిల్ల తల్లిని వెతుక్కున్నట్టు. కింద రోడ్డు మీద దోర్నాల బస్సు హారన్ కొడితే, మామ అదే స్వరంలో బదులిచ్చాడు. పది నిమిషాలకు నా చేతిలోని టీ చల్లారిపోయింది. ఇరవై నిమిషాలకు నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

అప్పుడు మామ గట్టిమేళం మొదలుపెట్టాడు. డోలు లేదు, తాళి లేదు, అయ్యగారు లేడు. ఒక్క సన్నాయి మీద గట్టిమేళం. విశాల్ కూడా ఎగిరి అందుకున్నాడు. ఆ ముసలాయన నలభై ఏళ్లుగా దిగమింగిందంతా బయటికి వస్తున్నట్టుంది. ఇంతకాలం ఆ వాయింపు మీద సినిమా పాటలు అతికించినదాన్ని, గట్టిమేళమంటే ఏమిటో ఆ రోజు మొదటిసారి విన్నాను.

ఇరవై ఆరో నిమిషంలో మామ కుర్చీలోంచి లేచి మైకు మీదికి వంగాడు. నా మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. దాన్ని క్లిప్పింగ్ అంటాం. మిషన్ పట్టగలిగిన దానికంటే సౌండ్ ఎక్కువైతే పైభాగం తెగిపోయి గరగరమంటుంది. పద్నాలుగేళ్లుగా ఆ ఎర్రలైటంటే నాకు భయం. సరిగ్గా అప్పుడే మామ కళ్లు తెరిచాడు. కొంచెం వెనక్కి జరగమని అద్దం వెనక నుంచి చెయ్యి ఎత్తాను.

మామ ఆపేశాడు.

ఊపిరి మధ్యలో, స్వరం మధ్యలో, నీళ్ల కుళాయి కట్టేసినట్టు ఆపేశాడు. విశాల్ ఇంకో రెండు క్షణాలు ఒంటరిగా వాయించి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మామ తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తువ్వాల మీద ఎర్రగా అయింది.

"ఏం పాపా, అయిపాయనా?" అన్నాడు.

"లేదు మామా. వెనక్కి జరగమన్నా, అంతే."

"అట్లనా. చెయ్యెత్తితివి గదా. ఆపమన్నావనుకుంటి."

మళ్లీ మొదలుపెట్టాడు. రాలేదు. నీళ్లు తాగి మళ్లీ ఊదాడు. స్వరాలు వచ్చాయి, ఇందాకటి మనిషి రాలేదు. మూడోసారి చిగుళ్ల నుంచి కారే రక్తం పీకలోకి దిగింది. ఆదివారానికి మొహమంతా వాచింది. సోమవారం డాక్టరు పళ్లు తీసేశాడు.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి నోరు రాకపోయినా. ఆ సాయంత్రం రికార్డింగ్ పెట్టి విన్నాను. ఎక్కడా గరగర లేదు. ఎర్రలైటు ఒక్క రెప్పపాటు వెలిగి ఆరిపోయింది. సౌండ్ శుభ్రంగా ఉంది. దేన్ని కాపాడాలని చెయ్యి ఎత్తానో దానికి ఏమీ కాలేదు. నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. ఎత్తిన చేతులన్నిటి మీదా కోపం వచ్చింది. అయ్యగార్ల మీద, ఫొటోగ్రాఫర్ల మీద, మేనమామల మీద. అన్నిటికంటే నా చేతి మీద, ఎందుకంటే మిగిలినవాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు.

తెగిన చోట సర్దేస్తానని విశాల్‌కు ఫోన్ చేశాను. సౌండ్ మెల్లగా తగ్గిస్తూ పోతే ఎవరికీ తెలియదు. "వద్దక్కా, ఉన్నదున్నట్టే ఉంచుదాం" అన్నాడు. సరే, దాచిపెట్టడం అప్పటికే చాలా చేశాను కదా అని ఊరుకున్నాను.

ఆరు నెలలకు రికార్డు విడుదలైంది. దాని మీద విదేశీయులెవరో రాసిన సమీక్షను విశాల్ సంబరంగా నాకు పంపించాడు, తెలుగులో కూడా చెప్పాడు. రికార్డు మొత్తంలో గొప్ప ఘట్టం ఆ చివరి నిశ్శబ్దమేనట. పల్లెటూరి వృద్ధ కళాకారుడు శిఖరం మీద నిలబడి, సంప్రదాయాన్ని ధిక్కరించి, తానే మౌనాన్ని ఎంచుకున్నాడట. ఎంత ధైర్యమోనట!

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంచుకోవడమా? నలభై ఏళ్లు ఎవడు చెయ్యెత్తినా ఆగిపోయిన మనిషి ఆయన. ఒక్కనాడు ఆగకుండా వాయిద్దామని కూర్చుంటే నేను ఆపాను. దాన్ని ధైర్యమంటారా? విశాల్‌కు ఫోన్ చేసి, "వాళ్లకు చెప్పు. ఆపింది ఆయన కాదు, నేను" అన్నాను.

"అక్కా, ఎవరు ఆపారన్నది కాదు, అక్కడ వచ్చిన ఆ నిశ్శబ్దం చాలా..."

"నోరు మూయ్ తమ్ముడూ" అన్నాను. మంచివాడే, ఆ మాట పడాల్సినవాడు కాదు. అయినా మూడు రోజులు వరసగా ఫోన్ చేసి తిట్టాను. చివరికి ఇంటర్నెట్లో ఆ రికార్డు పేజీలో ఒక వాక్యం చేర్పించాడు: ఇరవై ఆరో నిమిషంలో సౌండ్ ఇంజనీర్ చెయ్యి ఎత్తడం వల్ల కేశవులు గారు ఆపారు. ఆ వాక్యం చదివి ఎంతమంది నవ్వుకున్నారో నాకనవసరం.

ఇప్పుడు రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. ఎర్రలైటు వెలిగితే వెలగనీ. చెడిన సౌండును కొంత బాగు చేసుకోవచ్చు, పుట్టని సౌండును ఏ మిషనూ పుట్టించలేదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అనుకుంటాను. పెళ్లి వీడియోలో మేళం తీసేసి పాట పెట్టమని వచ్చేవాళ్లను వేరేచోటికి పొమ్మంటున్నాను. నా దగ్గరున్న ఆ రెడీమేడ్ గట్టిమేళాన్ని చెరిపేశాను.

కేశవులు మామ పోయిన ఏడాది కట్టుడు పళ్లతో వచ్చాడు. ఊదితే అవి జారిపోతాయి. మేళం వెంట శ్రుతిపెట్టె పట్టుకుని పోతున్నాడు. రికార్డు ఎప్పుడూ సరిగా వినలేదట, ఫోన్లో వింటే దోమ పాడినట్టుందట. పెద్ద స్పీకర్లలో పెట్టాను. కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ విన్నాడు. ఇరవై ఆరో నిమిషంలో స్పీకర్లు ఆగిపోయాయి. ఆయన వేళ్లు మాత్రం ఆగలేదు, ఇంకొంచెం దూరం పోయాయి.

"ఇంక ఉండె పాపా" అన్నాడు.

"ఏముండె మామా? ఎంత ఉండె?"

"నాకేం తెలుసు? వాయిస్తేనే గదా తెలిసేది." నా ముఖం చూసి, నన్ను ఓదార్చాలనుకున్నాడేమో, "మళ్ల పెట్టు, మొదటి నుంచి" అన్నాడు.

మళ్లీ పెట్టాను. ఇరవై అయిదో నిమిషంలో లేచి బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడ్డాను.